జీడితోట కింద రత్నపురుష: పునర్వసు, పుష్యమి కార్తెల్లో చూసుకోవలసిన పని

పునర్వసు వచ్చిందంటే ఉద్దానంలో జీడితోటల కింద బొరిగెలు కదులుతాయి. పాదులు చేయాలి, గత్తం వేయాలి, తుప్పలు కొట్టాలి. ఆ పనికి దిగే ముందు ఒక్క పూట తోటంతా వంగి చూసుకుంటూ తిరగమని ఈసారి నా మనవి. జానెడు ఎత్తున, సన్నటి ఆకులతో, ఆకు మొదట్లో ఒక్కో ఊదారంగు పువ్వుతో మొక్క కనబడితే పక్కన ఒక పుల్ల గుచ్చండి. అది రత్నపురుష. నేలకొబ్బరి అన్న పేరు కూడా ఉంది. కొబ్బరి సీమలో ఆ పేరు ఎంత సొంతంగా వినిపిస్తుందో!

పువ్వును అరచేతిలో పెట్టుకుని చూడండి. రేకులు అయిదు. నాలుగు చిన్నవి, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. అయిదోది మాత్రం మొదట్లో సన్నగా మొదలై, పారలా వెడల్పుగా కిందికి పరుచుకుంటుంది. దూరానికి ఒంటిరేకు పువ్వే అనిపిస్తుంది. తమిళులు దీన్ని ఓరిదళ్ తామరై, అంటే ఒంటిరేకు తామర అన్నది అందుకే. ఇది వయొలెట్ల కుటుంబానిది. 1753లో లిన్నేయస్ దీన్ని వయొలా ప్రజాతిలోనే చేర్చి, తొమ్మిది గింజలది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తర్వాత ప్రజాతి మార్చారు గానీ కుటుంబం అదే. చలి ప్రాంతాల వయొలెట్లను డబ్బు పోసి తెచ్చుకుని, మన వేసవికి మాడిపోతే బాధపడేవాళ్లను చూశాను. ఇసుక నేలకూ ఎండకూ అలవాటుపడిన వాటి చుట్టం మన తోటలోనే ఉంది.

పుల్ల గుచ్చిన చోట కలుపు చేత్తో తీయండి. కలుపుమందు ఆ చుట్టుపక్కలకు రానీయకండి. రాలిన జీడాకు మందంగా పేరుకుంటే మొలక పైకి రాదు, పక్కకు లాగేయండి. చెట్టు మొదట్లో చిక్కటి నీడ దీనికి నచ్చదు. రెండు చెట్ల నడుమ ఎండపొడ పడే చోటు వదిలితే చాలు. యూరియా అక్కర్లేదు.

పెరట్లో పెంచాలనుకుంటే ఎదిగిన మొక్కను పీకి తేవద్దు. వేరు నేరుగా లోపలికి దిగుతుంది, అడుగు కాండం కట్టెబారుతుంది, తెంపి నాటితే బతకడం కష్టం. నాలుగైదు ఆకుల పిల్లమొక్కను ముసురు రోజున, మట్టిగడ్డతో సహా లేపి నాటండి. కుండీ అయితే సగం ఇసుక, సగం ఎర్రమట్టి, ఒక గుప్పెడు చివికిన గత్తం. అడుగున చిల్లు తప్పనిసరి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

ఆకుల మీద ముళ్లముళ్లగా ఎర్రటి పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. నారింజరంగు రెక్కల మీద నల్ల చుక్కలతో నిదానంగా ఎగిరే సీతాకోకచిలుక పిల్లలవి. టానీ కోస్టర్ అంటారు. ఈ మొక్క మీదా, కంచెల మీద పాకే తెల్లజుమికి లాంటి తీగల మీదా పెరుగుతాయి, జీడాకు ముట్టవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మన జీడినీ కొబ్బరినీ నేలకూల్చిన తుపాను పేరు తిత్లీ. హిందీలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. ఆ పేరు వింటే ఇప్పటికీ గుండె జారే మన తోటల్లో, అసలు సీతాకోకచిలుకకు నాలుగు మొక్కలు వదలడం నాకు ముఖ్యమైన పనిగా తోస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నాటువైద్యంలో రత్నపురుషను మూత్ర సంబంధమైన బాధలకు వాడతారు. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లను కుంగదీసిన ఉద్దానంలో ఆ మాట చెవిన పడగానే ఆశ పుడుతుంది, ఆ ఆశను నేను తప్పుపట్టను. కానీ పొడి గానీ కషాయం గానీ వైద్యుణ్ణి అడగకుండా తాగవద్దు. దెబ్బతిన్న కిడ్నీకి ఏ ఆకుమందు ఎంత బరువో ఇంట్లో తేల్చుకునేది కాదు. పైగా మందు కోసం మొక్కను వేరుతో సహా పీకుతారు. గింజ రాలకముందే పీకితే మరుసటేడు ఆ చోటు బోసిపోతుంది. సంచులతో కొనడానికి ఎవరైనా వస్తే తోటలోకి రానివ్వకండి.

పువ్వు రాలాక బఠాణీ గింజకన్నా చిన్న కాయ తల వంచుకుని ఉంటుంది. పచ్చగా ఉన్నప్పుడు కోయవద్దు. గడ్డిరంగు తిరిగిన రోజే తీయాలి, మర్నాటికి మూడు చెక్కలుగా విచ్చి గింజలు చెల్లాచెదురవుతాయి. నేనైతే రంగు తిరగబోతున్న కాయకు పల్చటి గుడ్డముక్క వదులుగా కడతాను. గింజలు లేత పసుపు తెలుపు, నిలువు గీతలతో ఉంటాయి. నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచండి. వచ్చే మృగశిరలో తడి ఇసుక మీద చల్లి, పైన పల్చగా ఇసుక కప్పండి. అన్నీ ఒకేసారి మొలవవు. నెల దాటినా కుండీ ఒలకబోయకండి.

తీసిన కాయల్లో సగం దొరికిన చోటే రాల్చి రండి.