ఇంజిన్ ఆయిల్ వేడి – ట్రాక్ మీద మేము నేర్చుకున్నది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే, మాకు కవితలు రావు సార్ అన్నాం. "వచ్చిన పని గురించే రాయండి" అన్నారు. మాకు వచ్చిన పని ఇంజిన్లు. ఈ హాస్టల్లో పదో తరగతి పూర్తి చేసి, మాలో ఒకరు ఐటీఐలో డీజిల్ మెకానిక్, ఇద్దరు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివాం. ముగ్గురం ఇప్పుడు చెన్నై శివార్లలో ఒకే వర్క్‌షాపులో పనిచేస్తున్నాం. పవర్ పెంచుకున్న కార్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

ఆ కార్ల యజమానులు ట్రాక్ డేలకు వెళుతుంటారు. ట్రాక్ డే అంటే రేసు కాదు. రుసుము కట్టి, సొంత కారును రేసు ట్రాక్ మీద విడతకు పదిహేను, ఇరవై నిమిషాలు వేగంగా నడుపుకునే రోజు. మేము వెళ్లేది శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు. 1990లో ప్రారంభమైన ఆ ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. (2023లో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ గురించి తమ్ముళ్లు అడుగుతుంటారు. అవి బ్యాటరీ కార్లు. వాటికి ఇంజిన్ ఆయిలే లేదు, మన బాధా లేదు.)

ముందు మా తప్పు చెబుతాం. ఒక వేసవి ఆదివారం, టర్బో ఉన్న చిన్న పెట్రోల్ కారు ఒకటి మా చేతి మీదుగా ట్రాక్‌కు వెళ్లింది. నాలుగు చుట్లు తిరిగొచ్చి, "ఇంకా నడపొచ్చా?" అని యజమాని అడిగారు. మాలో చిన్నవాడు వేడి ముల్లు చూశాడు. సరిగ్గా మధ్యలో ఉంది. "నడపండి సార్" అన్నాడు. మిగతా ఇద్దరిని అడిగినా అదే చెప్పేవాళ్లం. మరో మూడు చుట్లకు ఇంజిన్ లోపల నుంచి టకటక శబ్దం మొదలైంది. ఇంజిన్ దించి చూస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ షెల్ అరిగి రాగిరంగు తేలింది. రీడింగు మధ్యలోనే ఉంది కదా, ఎలా పోయిందని ఆ రాత్రంతా మేము వాదించుకున్నాం.

ఆ ముల్లు చూపేది నీళ్ల వేడిని, ఆయిల్ వేడిని కాదు. పైగా చాలా కార్లలో నీళ్లు ఎనభై డిగ్రీల నుంచి నూరు పైచిలుకు దాకా ఎంత ఉన్నా, ముల్లు మధ్యలోనే నిలిచేలా కంపెనీవాళ్లే అమరుస్తారు. ముల్లు కదిలితే జనం కంగారు పడతారని! నీళ్లకు థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను కాపలా ఉంటాయి. చాలా మామూలు కార్లలో ఆయిల్‌కు విడిగా కూలర్ ఉండదు. పిస్టన్ కింది వేడి, బేరింగుల రాపిడి, టర్బో వేడి అన్నీ ఆయిలే మోయాలి. రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్ కొన్ని సెకన్లే. ట్రాక్ మీద చుట్టులో చాలా భాగం అదే. కాబట్టి నీళ్లు ఒకచోట నిలకడగా ఉన్నా, ఆయిల్ చుట్టు చుట్టుకూ ఎక్కుతూ పోతుంది.

ఇంటర్ ఫిజిక్స్ చదివే తమ్ముడికి ఇక్కడ ఒక సందేహం రావాలి. ఆయిల్ విశిష్టోష్ణం నీటిలో సుమారు సగమే కదా, మరి పొద్దున స్టార్ట్ చేస్తే నీళ్లే ముందు ఎందుకు వేడెక్కుతాయి? నీళ్లు మంట మండే చోటు చుట్టూనే తిరుగుతాయి, థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు రేడియేటర్‌కు పోవు. ఆయిల్ చాంబర్ మాత్రం అడుగున గాలికి ఉంటుంది. అందుకే నీళ్లు 90కి చేరినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉండొచ్చు. ఆయిల్ 80 దాటేదాకా ఇంజిన్‌ను గట్టిగా లాగనివ్వకూడదు.

ఇక పై హద్దు. 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 130కి వచ్చేసరికి అది దాదాపు సగమవుతుంది. బేరింగులో లోహానికీ లోహానికీ మధ్య ఉండే ఆయిల్ పొర, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ పొర తెగితే జరిగేది మేము కళ్లారా చూశాం. రెండో నష్టం నిదానంగా వస్తుంది. పూరీలు కాల్చిన నూనెనే మళ్లీ మళ్లీ పొయ్యి మీద పెడితే ఎలా నల్లబడి జిగటగా మారుతుందో మనకు హాస్టల్లోనే తెలుసు. ఆయిల్ కూడా అంతే. సుమారు ప్రతి 10 డిగ్రీలకు చెడిపోయే వేగం రెట్టింపవుతుందని లెక్క.

మా వర్క్‌షాపులో పెట్టుకున్న లెక్క ఇది. 90 నుంచి 110 మంచిది. మంచి సింథటిక్ ఆయిల్ అయితే ట్రాక్ మీద 120 దాకా ఫర్వాలేదు. 130 చూపితే వేగం తగ్గించాలి. 140 దాటితే ఆ రోజే ఆయిల్ మార్చాలి. ఎర్ర ఆయిల్ లైటును నమ్ముకోవద్దు. ప్రెషర్ బాగా పడిపోయాకే అది వెలుగుతుంది, అప్పటికే ఆలస్యం.

ఆయిల్ కూలర్ కొనమని మొదటే చెప్పం. ముందు ఆయిల్ మీటరు కావాలి. సెన్సరు ఎక్కడ పెట్టారో రాసుకోవాలి, ఎందుకంటే కూలర్ దాటాక పెడితే చాంబర్ కంటే తక్కువ చూపిస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాకా ఉండాలి. తక్కువుంటే పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. గీత దాటితే క్రాంకు చిలికి నురగ చేస్తుంది. ఇవన్నీ చేసినా వేడి ఆగకపోతే అప్పుడు కూలర్. అది థర్మోస్టాట్ ఉన్నదే అయ్యుండాలి, లేకపోతే పొద్దున ఆయిల్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. కూలర్‌లోకి గాలి వచ్చే దారి అందరూ చూస్తారు, పోయే దారి ఎవరూ చూడరు. పోయే దారి లేని కూలర్ బరువు తప్ప మరేమీ కాదు.

డబ్బు ఖర్చు లేనిది నెమ్మది చుట్టు. గేరు పైకి వేసి, ఆర్పీఎం తగ్గించి ఒక చుట్టు తిరిగితే ఆయిల్ దిగుతుంది. ఆగిన వెంటనే తాళం తిప్పి ఆపేయకూడదు. టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. ఇంటికొచ్చాక పాత ఫిల్టరును కోసి, మడతల్లో మెరుపు రజను ఉందేమో చూస్తాం.

ఆ కారు ఇంజిన్ కట్టి ఇచ్చాం. ఇప్పటికీ ట్రాక్‌కు వస్తుంది. మూడు వేగమైన చుట్లు, ఒక నెమ్మది చుట్టు. ఆయిల్ రీడింగు అడిగి రూళ్ల నోటుబుక్కులో రాసేది మాలో చిన్నవాడే. 130 అని వినపడితే యజమాని ఎంత బతిమాలినా వాడు మళ్లీ పంపడు.