వెలుగును చిత్రించిన మోనే

ఆకు పచ్చన, ఆకాశం నీలం, నీడ నలుపు అని మనం చిన్ననాడే నేర్చుకుంటాం. ఆ తరువాత వాటిని పరికించి చూడడం మానివేస్తాం. తెలిసిన రంగును పక్కనపెట్టి, ఆ క్షణాన కంటికి కనిపించిన రంగునే చిత్రించాలని జీవితాంతం సాధన చేసిన ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే.

మోనే 1840లో పారిస్‌లో జన్మించాడు. ఆయన బాల్యం ల హావ్ర్ అనే రేవుపట్టణంలో గడిచింది. అక్కడ యూజీన్ బూదాఁ అనే చిత్రకారుడు ఆయనకు ఆరుబయట కూర్చొని ప్రకృతిని చిత్రించడం నేర్పాడు. లోహపు గొట్టాలలో నింపిన రంగులు అప్పటికే అంగళ్లలో లభిస్తుండడం ఇందుకు తోడ్పడింది. 1872లో మోనే ఆ రేవులోని సూర్యోదయాన్ని చిత్రించాడు. పొగమంచులో పడవలు నీడలుగా, సూర్యుడు నారింజరంగు చుక్కగా కనిపించే ఆ చిత్రానికి 'ఇంప్రెషన్, సూర్యోదయం' అని పేరు పెట్టాడు. ఇంప్రెషన్ అంటే మనసుపై పడిన ముద్ర. 1874లో పారిస్‌లో దానిని ప్రదర్శించినప్పుడు లూయీ లెర్వా అనే విమర్శకుడు ఆ మాటనే పట్టుకొని పరిహసించాడు. ఆ పరిహాసం నుండే 'ఇంప్రెషనిజం' అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

ఎండను పసుపు, నారింజ వర్ణాలతో చూపిన చోట మోనే నీడకు నలుపు బదులు నీలం, ఊదా వర్ణాలు వాడాడు. రంగులను పూర్తిగా కలిపివేయక, చిన్న చిన్న కుంచెగీతలుగా పక్కపక్కన ఉంచాడు. దగ్గరగా చూస్తే అవి మచ్చలు. దూరంగా నిలిచి చూస్తే నీరు, ఆకులు, ఎండ. ఆయన చిత్రాలలో రూపాన్ని నిలిపేది సరిహద్దు గీత కాదు, రంగుల పొందికే.

1892, 1893 సంవత్సరాలలో రువాఁ నగరంలోని ప్రధాన చర్చికి ఎదురుగా ఉన్న గదులలో కూర్చొని మోనే దానిని పదేపదే చిత్రించాడు. అనేక కాన్వాసులు సిద్ధంగా ఉంచుకొని, వెలుగు మారగానే మరొక దానిని అందుకునేవాడు. ఆ విధంగా ముప్పైకి పైగా చిత్రాలు రూపొందాయి. చెక్కుచెదరని రాతికట్టడానికి సైతం స్థిరమైన రంగు లేదని అవి నిరూపించాయి.

వెలుగునే నమ్ముకున్న ఆ చిత్రకారుని కన్నులకు శుక్లాలు ఏర్పడినట్లు 1912లో వైద్యులు గుర్తించారు. క్రమంగా రంగుల తేడాలు తెలియకుండా పోయాయి. అయినా ఆయన కుంచె విడువలేదు. గొట్టాలపై ఉన్న పేర్లను బట్టి, పలకపై ఒక్కొక్క రంగుకు ఏర్పరచుకున్న స్థానాన్ని బట్టి చిత్రించాడు. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగాక మళ్లీ పనికి పూనుకున్నాడు. జివెర్నీలోని తన తోటలో పెంచుకున్న కలువకొలనును ఆయన సుమారు 250 చిత్రాలలో నిలిపాడు.

మోనే 1926లో కన్నుమూశాడు. ఆయన దేశానికి కానుకగా ఇచ్చిన బృహత్తర కలువచిత్రాలు 1927 నుండి పారిస్‌లోని ఒరాంజెరీ ప్రదర్శనశాలలో ఉన్నాయి. వాటిలో క్షితిజరేఖ కనిపించదు. నీరు, కలువలు, నీటిలో ప్రతిఫలించిన మేఘాలు ఒకే వెలుగులో లీనమై ఉంటాయి. చూడడం కూడా ఒక సాధనే అని అవి తెలుపుతాయి.