పేగు నాడులు, ముదిమిలో మెదడు: పరిశోధన దారి ఎంచుకునేవారికి

ఎంబీబీఎస్ అయ్యాకో, లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ అయ్యాకో ఈ రంగంలోకి రావాలనుకునేవారు సాధారణంగా ఏ ల్యాబ్‌లో మంచి మైక్రోస్కోపులున్నాయని వాకబు చేస్తారు. నేనైతే ముందు మరొకటి కనుక్కోమంటాను. అక్కడికి రోజూ ఏం వస్తుంది? ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్కలా, మతిమరుపుతో వచ్చే పెద్దవాళ్లా, దానంగా అందిన మెదళ్లా? మైక్రోస్కోపు గ్రాంటు పెట్టి కొనుక్కోవచ్చు. మనిషి కణజాలాన్ని, ఏళ్ల తరబడి శ్రద్ధగా రాసిన కేస్ షీట్లను ఏ గ్రాంటూ కొనిపెట్టదు.

హిర్ష్‌స్ప్రంగ్ జబ్బునే చూడండి. దాదాపు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. గర్భంలో ఉండగా నాడీకణాలు పైనుంచి కిందికి కదులుతూ పేగంతా పరుచుకోవాలి. ఈ బిడ్డల్లో అవి చివరిదాకా చేరవు. నాడీకణాల్లేని చోట పేగు బిగుసుకుపోతుంది. పుట్టి రెండు రోజులైనా నల్లటి తొలి విరేచనం కాదు, పొట్ట ఉబ్బుతుంది, పచ్చగా వాంతులవుతాయి. ఆపరేషన్ మధ్యలో పిల్లల సర్జన్ పేగులోంచి చిన్న ముక్క కోసి పెథాలజీకి పంపుతారు. అక్కడ దాన్ని గడ్డకట్టించి, పలచగా కోసి, రంగువేసి, కండరాల పొరల మధ్య నాడీకణాల గుంపులున్నాయా అని వెతుకుతారు. ఉన్నాయని కబురొచ్చేదాకా థియేటర్‌లో అందరూ ఎదురుచూడాల్సిందే. ఆ తర్వాత తీసేసిన పేగులో ఒక కొసన నాడీకణాలుంటాయి, ఇంకో కొసన ఉండవు, మధ్యలో అరకొరగా ఉంటాయి. ఒకే బిడ్డ నుంచి జబ్బుపడ్డ భాగమూ, పోల్చుకోవడానికి మంచి భాగమూ దొరుకుతాయన్నమాట. తల్లిదండ్రుల సమ్మతి, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. ముక్కను అందుకునే మనిషి థియేటర్ బయటే ఉండాలి. ఫార్మలిన్‌లో నానితే ఆర్‌ఎన్‌ఏ బాగా దెబ్బతింటుంది. అందుకే పిల్లల సర్జరీ విభాగంతో రోజూ మాట్లాడే ల్యాబ్‌ను ఖరీదైన ల్యాబ్ కన్నా మేలంటాను.

పేగుకూ మెదడు వృద్ధాప్యానికీ సంబంధం ఎక్కడిదో తెలియాలంటే జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ పని చదవాలి. 1991లో ఆయన, భార్య ఎవా కలిసి 83 మెదళ్లను పరీక్షించి, అల్జీమర్స్ మార్పులు మెదడులో ఏ వరసలో పాకుతాయో దశలుగా చూపారు. మామూలు స్లైడుల కంటే ఎన్నో రెట్లు మందమైన ముక్కలు కోసి, వెండి లవణాలతో రంగువేయడం ఆయన పద్ధతి. 2003లో మెదళ్లను అలా వరసగా పరిశీలించి పార్కిన్సన్స్‌కూ దశలు కట్టారు. జబ్బు పేగులో మొదలై వేగస్ నాడి వెంట మెదడుకు చేరుతుందేమోనని ప్రతిపాదించారు. 2006లో పేగు నాడుల్లోనూ ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ పేరుకున్నట్టు చూపారు. జబ్బులు మారినా కణజాలాన్ని ఓపిగ్గా చూసే పద్ధతి మీద పట్టు మాత్రం ఆయన వదల్లేదు. మీరూ పీహెచ్‌డీలో ఒక్క పద్ధతినైనా చేతికి పట్టుబడేదాకా నేర్చుకోండి.

బ్రాక్ ప్రతిపాదన అందరికీ వర్తించదు. కొందరిలో జబ్బు పేగులో, కొందరిలో మెదడులోనే మొదలవుతుందన్న వాదన ఇప్పుడు బలంగా ఉంది. కాబట్టి ఒక ప్రతిపాదన నిజమైతేనే నిలబడే థీసిస్ జోలికి పోవద్దు. జవాబు అవునైనా కాదైనా పనికొచ్చే ప్రశ్న తీసుకోండి.

మన దగ్గర ఉన్న బలం ఏమిటో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి చూపించింది. అక్కడ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు లేదా అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి వినిపించే ఊళ్లో, రోజూ వచ్చే రోగుల నుంచే ఆ ప్రశ్న పుట్టింది. బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. తెలుగు బాగా వినిపించే ప్రాంతమది. మీ తెలుగు అక్కడ పనికొచ్చే నైపుణ్యం. ఉదాహరణకు, పార్కిన్సన్స్‌లో వణుకు కన్నా చాలా ఏళ్ల ముందే మలబద్ధకం రావచ్చు. ఏ సంవత్సరం నుంచని అడిగితే తాతగారు చెప్పలేరు. "మోషన్ సరిగా కాకపోవడం మనవరాలి పెళ్లికి ముందా, తర్వాతా తాతా?" అంటే గుర్తుతెచ్చుకుని చెబుతారు.

డబ్బు సంగతి ఇంట్లో ముందే మాట్లాడండి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ ఎంబీబీఎస్ వాళ్లూ రాయొచ్చు. 2023లో సవరించిన లెక్క ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000, పైన ఇంటద్దె భత్యం. ప్రాక్టీసు పెట్టిన స్నేహితుడి సంపాదనతో పోలిస్తే ఇది తక్కువే. పెళ్లి, ఇంటి అప్పు, తమ్ముడి చదువు నెత్తిన ఉన్నవాళ్లు లెక్క వేసుకునే దిగాలి. ఇంకా ఎంబీబీఎస్‌లోనే ఉంటే ఐసీఎంఆర్ ఇచ్చే రెండు నెలల విద్యార్థి ప్రాజెక్టు చేసి చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడ కొంత తెలుస్తుంది.

గైడ్‌ను ఖాయం చేసుకునే ముందు, ఈమధ్యే ఆ ల్యాబ్ నుంచి బయటికొచ్చిన ఇద్దరితో మాట్లాడండి. శాంపిళ్లు ఎవరి పేరున ఉంటాయి, ఎథిక్స్ అనుమతి ఇప్పటికే ఉందా, పేపర్‌లో మొదటి పేరు ఎవరిదో ఎప్పుడు తేలుస్తారు అని అడగండి. తర్వాత ఆ ల్యాబ్ శాంపిల్ రిజిస్టర్ ఒక్కసారి చూపించమనండి. ముక్క తీసిన టైమూ ఫ్రీజర్‌లో పెట్టిన టైమూ ప్రతి వరసలోనూ రాసి ఉంటే ధైర్యంగా చేరండి.