ఎంత తొట్టికి అంత గాలి

ఈ పాఠంలో: చేపల తొట్టికి గాలి పంపు ఎలా ఎంచుకోవాలో తెలుసుకుంటాం. "ఎంత – అంత" అనే జంట మాటలు వాడటం నేర్చుకుంటాం.

ముందు మాట్లాడుకుందాం

పిల్లలూ, మీ ఇంట్లో గానీ బడిలో గానీ చేపల తొట్టి ఉందా? అందులో బుడగలు ఎందుకు వస్తాయి? మీకు తెలిసింది తెలుగులో చెప్పండి. తప్పయినా ఫరవాలేదు.

చదవండి

మేము అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వచ్చిన కొత్తలో మా అబ్బాయికి స్నేహితులు కుదరలేదు. "ఒక్క చేప కొనుక్కుందాం అమ్మా" అన్నాడు. సరే అని 10 గాలన్ల తొట్టి తెచ్చాం. అంటే సుమారు 38 లీటర్లు. ఒక స్పాంజి ఫిల్టరు, ఒక ఎర్రటి బెట్టా చేప కూడా తెచ్చాం. చేపకు వాడే "మిర్చి" అని పేరు పెట్టాడు.

స్పాంజి ఫిల్టరుకు గాలి పంపు విడిగా కొనాలి. కొట్లో చాలా రకాలున్నాయి. నేను అన్నిటికన్నా పెద్దది తీశాను. పెద్ద పంపు అయితే ఎక్కువ గాలి, ఎక్కువ గాలి అయితే చేపకు మంచిది అనుకున్నాను. బీఎడ్ చదివినదాన్నే, అయినా పొరబడ్డాను!

ఇంటికొచ్చి స్విచ్చి వేయగానే తొట్టిలో నీళ్లు కుతకుతా ఉడుకుతున్నట్టు పొంగాయి. మిర్చి ఒక మూలకు కొట్టుకుపోయింది. పొడవాటి రెక్కలతో ఎదురీదలేక ఆకు చాటున నక్కింది. రెండు రోజులు మేత ముట్టలేదు.

"అమ్మా, మిర్చి చచ్చిపోతుందా?"

ఏం చెప్పాలో నాకు తోచలేదు. "రా నాన్నా, అసలు ఈ ఫిల్టరు ఎలా పనిచేస్తుందో చూద్దాం" అన్నాను. పంపు ఆపేసి ఇద్దరం తొట్టి ముందు కూర్చున్నాం.

స్పాంజి ఫిల్టరు చేసే పని

పంపు నుంచి గాలి సన్న గొట్టంలో వెళ్లి ఫిల్టరు లోపల బుడగలవుతుంది. బుడగలు పైకి పోతూ నీళ్లను కూడా తీసుకుపోతాయి. పైకి పోయిన నీళ్ల బదులు కొత్త నీళ్లు స్పాంజి గుండా లోపలికి వస్తాయి. చెత్త స్పాంజికి పట్టుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన పని కంటికి కనబడదు. చేపల మలం, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. అది చేపకు విషం. స్పాంజిలో మంచి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్‌తో ప్రమాదం చాలా తక్కువ. అందుకే స్పాంజిని కుళాయి నీళ్ల కింద కడగకూడదు. ఆ నీళ్లలోని క్లోరిన్ మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే మెల్లగా పిండాలి.

మరి చేపకు ఆక్సిజన్? అది ఎక్కువగా నీటి పైభాగం నుంచే కలుస్తుంది. పైన నీళ్లు కాస్త కదిలితే చాలు. తొట్టంతా తుఫాను రేగక్కర్లేదు!

పంపు కొనేముందు నాలుగు ప్రశ్నలు

1. తొట్టి ఎంత లోతు? నీరు లోతైన కొద్దీ బరువు పెరుగుతుంది. లోతుగా ఉన్న ఫిల్టరుకు గాలి పంపాలంటే పంపుకు బలం కావాలి. మా తొట్టి అడుగు ఎత్తే కాబట్టి చిన్న పంపు సరిపోయింది.

2. గాలి ఎన్ని చోట్లకు వెళ్లాలి? ఒక ఫిల్టరు ఉంటే ఒక గొట్టం పెట్టే పంపు చాలు. రెండు ఫిల్టర్లుంటే రెండు గొట్టాలది చూడాలి.

3. చేప ఎలాంటిది? బెట్టాకు నెమ్మదైన నీళ్లు ఇష్టం. అది పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. మన కొర్రమీను కూడా అలాగే పీలుస్తుంది. ఇలాంటి చేపకు వరదలాంటి నీటి జోరు వద్దు.

4. చప్పుడు ఎంత? పంపు లోపల రబ్బరు పొర గబగబా ఊగుతుంది, అందుకే గుయ్‌మంటుంది. పడక గదిలో పెట్టాలంటే కొట్లోనే ఆన్ చేయించి వినండి.

మరచిపోకూడని చిన్న సంగతులు

గాలి తగ్గించడానికి, పెంచడానికి గొట్టం మధ్యలో ఒక చిన్న వాల్వు పెట్టుకోవాలి.

ఇంకొకటి ఒకవైపు వాల్వు. కరెంటు పోతే తొట్టి నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి రావచ్చు. ఈ వాల్వు గాలిని ఒకవైపే పోనిస్తుంది, నీళ్లను వెనక్కి రానివ్వదు. బిగించే ముందు నోటితో ఊది, ఎటు పోతుందో చూసుకోండి.

ఇండియా నుంచి తాతయ్య పంపు తెచ్చినా అమెరికాలో నేరుగా పెట్టకండి. అక్కడ కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులు తీసేయాలి. ఈ పని పెద్దవాళ్లతో కలిసి చేయండి.

తర్వాత ఏమైంది?

పెద్ద పంపు తిరిగి ఇచ్చేసి ఒక గొట్టం ఉన్న చిన్నది తెచ్చాం. వాల్వు తిప్పి గాలి తగ్గించాం. బుడగలు ఒకదాని వెనక ఒకటి బుడుంగు బుడుంగుమని పైకి వచ్చాయి. ఆ సాయంత్రం మిర్చి ఆకు చాటునుంచి బయటికి వచ్చింది. మర్నాడు రెండు మేత గింజలు తింది. మా అబ్బాయి బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. ఆ వారం పక్కింటి పిల్లాడు కూడా మిర్చిని చూడటానికి వచ్చాడు.

మన ఊరి సంగతి

మీరు భీమవరం వైపు వెళ్తే రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు చూడండి. అవీ నీళ్లలో గాలి కలపడానికే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. అప్పుడు కరెంటు పోతే రొయ్యలు చచ్చిపోతాయి. అందుకే రైతులు జనరేటరు సిద్ధంగా ఉంచుకుంటారు.

కొత్త మాటలు

నక్కు: కనబడకుండా దాక్కోవడం.
ఎదురీదు: నీళ్లు వచ్చే వైపుకే ఈదడం.
మేత: చేపలు, పశువులు తినే తిండి.
పొరబడు: తెలియక తప్పు చేయడం.

మాటలో మెలిక

"అమ్మమ్మకు ఫోటో పంపు." "పంపు కట్టెయ్, నీళ్లు పోతున్నాయి." "గాలి పంపు ఆగిపోయింది." మూడు వాక్యాల్లోనూ "పంపు" ఉంది. అర్థం ఒకటేనా? ఎక్కడ చెయ్యమని చెబుతున్నాం, ఎక్కడ వస్తువు పేరు చెబుతున్నాం?

సామెత

"ఎంత చెట్టుకు అంత గాలి" అంటారు మన పెద్దలు. పెద్ద చెట్టుకు పెద్ద గాలి, చిన్న చెట్టుకు చిన్న గాలి. ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు బరువులు ఉంటాయని అర్థం. ఈ పాఠం పేరు ఆ సామెత నుంచే పుట్టింది.

అభ్యాసం

అ) "అంత" లేదా "అన్ని" పెట్టి పూర్తి చేయండి.
1. ఎంత ఆకలి ఉంటే ______ పెట్టుకో.
2. ఎన్ని ఫిల్టర్లుంటే ______ గొట్టాలు కావాలి.
3. తొట్టి ఎంత లోతుంటే పంపుకు ______ బలం కావాలి.

ఆ) జవాబులు రాయండి.
1. మిర్చి మేత ఎందుకు ముట్టలేదు?
2. స్పాంజిని కుళాయి కింద ఎందుకు కడగకూడదు?
3. మీరైతే మిర్చికి ఏ పంపు కొంటారు? ఎందుకు?

ఇ) చేసి చూడండి. పొడవైన సీసాలో నీళ్లు నింపండి. స్ట్రా పైపైన పెట్టి ఊదండి. తర్వాత అడుగుదాకా దించి ఊదండి. ఎప్పుడు కష్టంగా ఉంది? రెండు వాక్యాల్లో రాయండి.

ఈ) ఇంట్లో అడగండి. అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి "మీ ఊరి చెరువులో ఏ చేపలు ఉండేవి?" అని అడగండి. వాళ్లు చెప్పిన పేర్లు తెలుగులో రాసి తీసుకురండి.