బొమ్మ లూగు గడియారము - ఇంటనే మరమ్మతు

పంచాయతీ కార్యాలయమునకు దాతలు బహూకరించు వస్తువులలో గోడ గడియార మొకటి తప్పక యుండును. సాదా గడియారము కంటె వేడుక గడియారముపై దాతలకు మక్కువ హెచ్చు. డయలు క్రింద ఉయ్యెలపై రాధాకృష్ణు లూగునట్టిది, గంటగంటకు పిట్ట కూయునట్టిది, ఇట్లు పలు విధములు.

మా గ్రామ కార్యాలయమున ఉయ్యెల బొమ్మల గడియార మొకటి కలదు. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట, ఉదయము 6 గంటలకు మంచినీటి ట్యాంకు వాల్వు త్రిప్పవలసిన పనివాడు దానినే చూచుచుండెను. కొన్నాళ్ళకు చివరి వాడలోని స్త్రీలు, తాము కూలికి బయలుదేరు వేళకు కుళాయిలలో నీరు వచ్చుట లేదని ఫిర్యాదు చేసిరి. సభ్యులు పనివానిని సోమరియని నిందించి, జీతములో కోత విధింపదలచిరి. "గడియారం చూసే తిప్పుతున్నానండయ్యా" అని యతడు మొరపెట్టుకొనెను. అందరును తలలెత్తి చూచిరి. ఉయ్యెల చక్కగా ఊగుచుండెను. కనుక గడియారమును శంకించినవారు లేరైరి. మరునాడు రేడియో వార్తల వేళతో సరిచూడగా అది 35 నిమిషములు వెనుక నున్నట్లు తేలినది. కోత మాట అంతటితో ఆగెను. గడియారమును బాగుచేయు పని మాత్రము నా నెత్తిన బడెను. నేను ఆ వృత్తివాడను గాను. ఓపిక యొక్కటే నా పెట్టుబడి.

ముందుగా గ్రహింపవలసిన దేమన, పూర్వపు కీ గడియారములలో లోలకమే కాలమును కొలిచెడిది. నేటి సెల్లు గడియారములలో లోలకము గాని, ఉయ్యెల గాని కేవల మలంకారము. దానికి వేరుగా ఒక తీగచుట్టయు, అయస్కాంతమును ఉండును. కాలమును కొలుచునది క్వార్ట్‌జ్ స్ఫటికము. అది సెకనునకు 32,768 మారులు కంపించును. చిన్న విద్యుత్ వలయము ఆ సంఖ్యను వరుసగా 15 మారులు సగము చేయగా సెకనునకు ఒక్క తాకిడి మిగులును. ఆ తాకిడికి బుల్లి మోటారు అర చుట్టు తిరిగి, పండ్ల చక్రముల ద్వారా ముల్లును ఒక అడుగు జరుపును. ఈ మోటారు బలము మిక్కిలి స్వల్పము. సన్నని వెండ్రుక చక్రములలో చిక్కినను నిలిచిపోవును. కావుననే బొమ్మ ఊగుచు, కాలము ఆగుట సంభవము.

ఒకే సెల్లు రెంటికిని ఉపయోగపడు గడియారములో బొమ్మ ఊగుచు ముల్లు నిలిచినచో, సెల్లు పూర్తిగా చావలేదనియు, దోషము తరచు కాలపు భాగమున నున్నదనియు ఊహింపవచ్చును. అయినను ముందుగా క్రొత్త సెల్లు వేసి చూచుటే మేలు. సెకను ముల్లు 9 అంకె వద్ద కొట్టుకొనుచు పైకి ఎక్కలేకున్నచో సెల్లు నీరసించినదని గుర్తు. అచ్చట ముల్లు అడ్డముగా నుండి, దానిని ఎత్తుటకు హెచ్చు బలము కావలెను.

సెల్లు కారి, రేకులపై తెల్లని లేక పచ్చని చిలుము పట్టినచో, దానిని పొడి బ్రష్షుతో రాల్చి, నిమ్మరసము అద్దిన దూదితో తుడిచి, పిదప తడిగుడ్డతో తుడిచి బాగుగా ఆరనీయవలెను. చేతులు కడుగుకొనక కన్నులు నలుపుకొనరాదు.

మా గడియారమున చిలుము లేదు. ప్రక్కనుండి కన్ను పెట్టి చూడగా, నిమిషముల ముల్లు కొద్దిగా వంగి, గంటల ముల్లును దాటునపుడెల్ల రాచుకొనుచుండెను. ఈ రెండు ముండ్లును 12 గంటలలో 11 మారులు కలిసికొనును. కలిసినప్పుడెల్ల కొన్ని నిమిషములు పోవుచుండెను. వ్రేలితో ముల్లును ఒక నూలు పోగంత పైకి వంచితిని. మరమ్మతు అంతయు నింతే.

అంతటితో ఊరకుండక, లోపల ధూళి యుండునని నల్లని ప్లాస్టిక్ పెట్టెను ఊడదీసితిని. ఇది నా తప్పు. మోటారు చుట్ట తీగ తలవెండ్రుక కంటె సన్ననిది. స్క్రూడ్రైవరు మొన తగిలి తెగిపోయెను. దానిని అతుకుట నా వశము గాలేదు. తుదకు పట్టణమునకు బోయి క్రొత్త మిషను తెచ్చితిని. ఆ నల్లని పెట్టెనే దుకాణములవారు మిషను అందురు. అది చౌకగనే లభించును. కాని పాత దానిని వెంట గొనిపోవలెను. డయలు మందమును బట్టి ఇరుసు పొడవు మారును. సెకను ముల్లును, నిమిషముల ముల్లును, గంటల ముల్లును వరుసగా తిన్నగా పైకి లాగి, నట్టు విప్పిన మిషను వెనుకకు వచ్చును. క్రొత్తది బిగించి, మూడు ముండ్లను 12 వద్దనే అమర్చవలెను. లేనిచో గంటల ముల్లు ఒకటి, నిమిషముల ముల్లు మరొకటి చెప్పును. చక్రములకు నూనె వేయరాదు; అది ధూళిని బట్టి యుంచును.

గోడలోని ప్లగ్గునకు తగిలించు వెలుగు గడియారముల సంగతి వేరు. వానిలో 230 వోల్టుల విద్యుత్తు ప్రవేశించును. అట్టి దానిని ఇంట విప్పరాదు, ఎలక్ట్రీషియనుకే అప్పగింపవలెను.

బాగుచేసిన గడియారమును ఒక రాత్రి, ఒక పగలు చేతిఫోను ప్రక్కన నుంచి గమనింపవలెను. మంచి మిషను నెలకు అర నిమిషమునకు మించి తప్పదు. సెల్లు మార్చినప్పుడెల్ల తేదీని వెనుక అట్టపై వ్రాయుట మేలు. మా కార్యాలయపు గడియారము వెనుక నిప్పుడు పదునేడు తేదీలున్నవి. వానిలో మొదటి దానిని వ్రాసినవాడు ఆ వాల్వు త్రిప్పు మనిషియే.