ఆగమన కాలంలో మన మనసెక్కడ?



నవంబరు 30 పునీత అంద్రెయగారి పండుగ. వల వదలి ప్రభువు వెంట నడచిన ఆ జాలరి మంచినీళ్ళపేట, నువ్వలరేవు వంటి తీరగ్రామాల వారికి సొంత మనిషివంటివాడు. ఆయన పండుగకు దగ్గరగా వచ్చే ఆదివారంతో తిరుసభ తన కొత్త సంవత్సరాన్ని ఆరంభిస్తుంది. అదే ఆగమన కాలం. ఆ నాలుగు ఆదివారాలూ పూజలో మహిమా గీతం పాడము. గురువు ఊదారంగు వస్త్రాలు ధరిస్తాడు. మూడవ ఆదివారం మాత్రం గులాబీ రంగుకు అనుమతి ఉంది.

గుడి లోపల ఇంత నెమ్మది. గుడి బయటో? డిసెంబరు ఒకటో తేదీ నుంచే మైకులు, సెమీ క్రిస్మస్ సభలు, చందాలు, కేకులు, కొత్త బట్టలు. మన వైపు పొలాల్లో కోతలు, నూర్పులు కూడా అప్పుడే. చివరకు డిసెంబరు 25 రాత్రికి అందరం అలసిపోయి పడుకుంటాం. అసలు క్రిస్మస్ కాలం అప్పుడే మొదలై జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండుగ వరకు సాగుతుందన్న సంగతే గుర్తుండదు.

ఈ సన్నాహాలలో ఏదీ పాపం కాదు. కాని లూకా సువిశేషం 21వ అధ్యాయం 34వ వచనం ఒకసారి తీసి చదవండి. హృదయం బరువెక్కి మొద్దుబారిపోయే కారణాలు ప్రభువు అక్కడ చెబుతారు. తాగుడు సంగతి మనకు బాగా గుర్తుంటుంది, ప్రసంగాల్లో మేమూ దాన్నే పట్టుకుంటాం. దాని పక్కనే ఆయన జీవిత చింతలను కూడా చేర్చారు. నక్షత్రానికి బల్బులు సరిపోతాయా, బిర్యానీకి ఎంతమంది వస్తారు అన్నదీ చింతే. మొదటి ఆదివారపు సువిశేషం ఒక ఏడు మత్తయి నుంచి, ఒక ఏడు మార్కు నుంచి, ఒక ఏడు లూకా నుంచి చదువుతాం. మూడింటిలోనూ ఉన్న హెచ్చరిక ఒక్కటే: మెలకువగా ఉండండి.

మెలకువగా ఉండడమంటే ఏమిటి? సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అగస్టీనుగారి ‘ఒప్పుకోలు’ గ్రంథం పదకొండవ భాగం మాకు పాఠంగా ఉండేది. గతం మనలో జ్ఞాపకంగా ఉంటుంది, భవిష్యత్తు ఎదురుచూపుగా ఉంటుంది, వర్తమానం ధ్యాసగా ఉంటుంది అని ఆయన వివరిస్తారు. అప్పట్లో పరీక్ష కోసం బట్టీ పట్టానే గాని నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఉద్దానంలో, కొబ్బరి రైతుల దగ్గర.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర, మన వజ్రపుకొత్తూరు తీరాన ఒడ్డు దాటింది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, జీడి తోటలు, పనస చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. ఆ ఏడు ఆగమన కాలం డిసెంబరు 2న మొదలైంది. ఇంకా మొదళ్ళు తొలగించడం కూడా పూర్తి కాని రోజులవి. తరవాత రైతులు మళ్ళీ మొక్కలు నాటారు. జీడి మూడు నాలుగేళ్ళకు కాపుకు వస్తుంది. నాటు కొబ్బరికైతే ఆరేడేళ్ళు ఆగాలి. ఆ ఆరేడేళ్ళూ రైతు చేతులు ముడుచుకు కూర్చున్నాడా? పాదు చేశాడు, నీళ్ళు మోశాడు, మొవ్వులో కొమ్ముపురుగు చేరిందేమోనని వంగి చూశాడు. కాయ రేపటిదైనా అతడి ధ్యాస ఇవాళ్టి మొక్క మీదే ఉంది. మూడవ ఆదివారం రెండవ పఠనంగా మూడేళ్ళకోసారి వచ్చే పునీత యాకోబు లేఖ (5:7-10) ఈ రైతునే మనకు ఆదర్శంగా చూపుతుంది. తొలకరికీ కడవరి వానకూ ఓర్పుతో ఎదురుచూసేవాడు అతడు.

ఈ పాఠం తెలిసి కూడా నేను తప్పిన సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం డిసెంబరు 22న ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటాయన ఏటా గుడికి వెదురుబద్దల నక్షత్రం కట్టేవాడు. ఆ ఏడు ఆయనకు కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్ మొదలైంది. ఆ సంగతి నాకు తెలుసు. కాని నేను వెళ్ళింది పాత నక్షత్రపు చట్రం అడగడానికి. గుమ్మంలో ఆయన భార్య నన్ను చూసి, “చందా మొన్ననే ఇచ్చీసినాం గదండి ఫాదరుగారూ!” అంది. ఆమె మాటలో కోపం లేదు. గురువు ఇంటికి వచ్చాడంటే చందాకే అనుకుంది, అంతే.

లోపల మంచం మీంచి ఆయన అన్నాడు: “వారానికి రెండు రోజులు ఆసుపత్రికి పోతన్నాను బాబూ. మిగతా రోజులు మీరొస్తారని చూస్తన్నాను.”

మూడు వారాలుగా నేను పూజపీఠం ముందు నిలబడి ఎదురుచూపు గురించి ప్రసంగాలు చెబుతున్నాను. అక్కడ ఒక మనిషి నిజంగా ఎదురుచూస్తున్నాడు. ప్రభువు మొదటి రాకకూ, మహిమతో వచ్చే కడపటి రాకకూ నడుమ మూడవ రాక ఒకటుందని, అది ప్రతిదినం కనబడకుండా జరుగుతుందని పునీత బెర్నార్డుగారు బోధించారు. నేను చట్రం అడగలేదు. ఆ సాయంత్రం ఆయన పాపసంకీర్తనం విన్నాను, మర్నాడు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళాను. ఆయన ఇప్పుడు లేరు.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. అది కూడా ఆగమన కాలమే. వైద్యం దగ్గరకు వచ్చింది, సంతోషం. పక్కన కూర్చునే మనిషి మాత్రం విచారణలోంచే రావాలి.

ఇంట్లో ఏం చేయవచ్చునని కొందరు తల్లులు అడుగుతుంటారు. పిల్లలచేత కొబ్బరాకుతో ఒక వలయం అల్లించి నాలుగు కొవ్వొత్తులు పెట్టండి. 1839లో హాంబర్గులో యోహాన్ విచెర్న్ అనే లూథరన్ పాస్టరుగారు తన ఆశ్రమంలోని పేద పిల్లల కోసం మొదలుపెట్టిన ఆచారం ఇది. మంచిది ఎవరి దగ్గరున్నా తీసుకుందాం. వారానికొక కొవ్వొత్తి వెలిగించి, టీవీ, ఫోను పక్కన పెట్టి, ఆదివారపు సువిశేషం గట్టిగా చదవండి. పది నిమిషాలు చాలు. ఇంకా ఎక్కువ పెట్టుకుంటే రెండో వారానికి మానేస్తారు, నాకు తెలుసు.

చదివాక, మన వీధిలో ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారని పిల్లలను అడగండి. పెద్దల కన్నా వాళ్ళకే ముందు తెలుస్తుంది. ఆ వారంలో ఆ ఇంటికి ఒకసారి వెళ్ళండి. యువజన సంఘం వారు వెళితే రసీదు పుస్తకం గుడిలోనే ఉంచి వెళ్ళండి.