వెదురు గడ మీద దొరికిన పాఠం



పోయిన సెలవుల్లో ఇంటిల్లిపాదీ సర్కస్‌కి వెళ్లాం. చివర్లో ఉయ్యాలల ఆట. ఒకామె చేతులకు సుద్దపొడి రాసుకుని, అంత ఎత్తున ఉయ్యాల వదిలేసి గాల్లో పల్టీ కొట్టింది. అవతల ఉయ్యాలకు తలకిందులుగా వేలాడుతున్న మనిషి ఆమె మణికట్లు పట్టేసుకున్నాడు. డేరా అంతా చప్పట్లు. మా అమ్మాయి మాత్రం “నాన్నా, అక్కడ ఎవరు ఎవర్ని కాపాడారు?” అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక సంయుత్త నికాయంలోని సేదక సుత్తం తీసి చూశాను. ఈసారి మన పాఠం అదే.

సుత్తంలోని కథ

బుద్ధుడు సుంభుల దేశంలో, సేదకం అనే ఊళ్లో ఉన్నప్పుడు భిక్షువులకు ఈ కథ చెప్పాడు. గడ ఆట ఆడే ఒక గురువు వెదురు గడ నిలబెట్టి, శిష్యుణ్ణి గడ ఎక్కి తన భుజాల మీద నిలబడమన్నాడు. శిష్యుడి పేరు మేదకథాలిక. ఒకరినొకరం చూసుకుందాం, ఆట ఆడి నాలుగు డబ్బులు సంపాదించి క్షేమంగా దిగుదాం అన్నాడు గురువు. శిష్యుడు ఒప్పుకోలేదు. ఎవరి ఒంటిని వాళ్లు చూసుకుంటేనే ఇద్దరం క్షేమంగా దిగుతాం అన్నాడు. బుద్ధుడు శిష్యుడి మాటే సరైన పద్ధతి అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే “ఎవడి బతుకు వాడిది” అన్నట్టు అవుతుంది. అది ధమ్మం కాదు. బుద్ధుడు ఇంకో మాట కలిపాడు. తనను కాపాడుకునేవాడు ఇతరులను కాపాడతాడు, ఇతరులను కాపాడేవాడు తననూ కాపాడుకుంటాడు. మొదటిది సాధన వల్ల జరుగుతుంది. అంటే శరీరం, వేదన, చిత్తం, ధమ్మాలు అనే నాలుగింటి మీద ఎరుక నిలపడం. రెండోది ఓర్పు, అహింస, మైత్రి, దయ వల్ల జరుగుతుంది.

ఆ ఆటగాడు ఎవరు?

పాళీలో అతనికి వాడిన మాట ‘చండాలవంసిక’. వంసం అంటే వెదురు. చండాలుడంటే ఎవరో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. లోకం దూరం పెట్టిన మనిషి చేసే పనిలోంచి బుద్ధుడు సతి పాఠం తీశాడు. అందులోనూ గురువు మాటను కాదు, శిష్యుడి మాటను నిలబెట్టాడు.

మన ఊళ్లలో గడ ఎక్కి ఆడినవాళ్లు దొమ్మరులు. ఆటకు చప్పట్లు కొట్టిన ఊరే వాళ్ల కులం పేరును తిట్టుగా మార్చింది. నిజం చెప్పుకుందాం, ఆ తిట్టు మన వాడల్లోనూ వినిపిస్తుంది. అంటరానితనం అనుభవించిన మన నోట ఇంకొకరి కులం పేరు తిట్టుగా రావచ్చా? సమ్మా వాచా అక్కడినుంచే మొదలవ్వాలి. అలాగే సర్కస్‌లో పిల్లల్ని పనికి పెట్టకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆట చూసే కళ్లు ఆ సంగతి కూడా చూడాలి.

మన ఇల్లూ ఒక గడే

ఇంటాయన “మీ కోసమే కష్టపడుతున్నా” అంటాడు, సాయంత్రం తాగొస్తాడు. తన కాలు జారుతుంటే భుజాల మీదున్న పిల్లలు ఏమవుతారు? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననేది కూడా ఉంది. అది ఒక్కడి శీలం కాదు, ఇంటిల్లిపాదికీ రక్ష.

నేను తాగను. కానీ మార్కులు తగ్గాయని మావాణ్ణి అరిచేవాణ్ణి. “నీ మంచికే” అనేవాణ్ణి. ఆ కోపం నాది, భయం నాది. వాడి చదువును కాపాడుతున్నాననుకుంటూ నా చిత్తాన్ని గాలికొదిలేశాను. ఇప్పుడు గొంతు పెరుగుతోందని తెలియగానే మూడు శ్వాసలు గమనించి అప్పుడు మాట్లాడుతున్నా. అన్నిసార్లూ కుదరడం లేదు. కుదిరినరోజు వాడు తనంతట తానే పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంటున్నాడు.

మా అమ్మాయికి ఇలా చెప్పాను: “ఆమె తన ఒంటిని అదుపులో పెట్టుకుంది కాబట్టే ఆయన పట్టుకోగలిగాడమ్మా. ఆయన స్థిరంగా ఉన్నాడు కాబట్టే ఆమె బతికింది. ఇద్దరూ ఇద్దర్నీ కాపాడారు.”

ఈ వారం సాధన

1. రోజూ పది నిమిషాలు శ్వాస మీద ఎరుక నిలపండి.
2. “నీ మంచికే” అనబోయే ముందు మీ మనసులో ఉన్నది మైత్రా, కోపమా చూసుకోండి.
3. మీ ఇంట్లో తిట్టుగా వాడే కులం పేరు ఏదైనా ఉంటే, అందరూ కూర్చుని దాన్ని మానేయండి.

అందరికీ మంగళం కలుగుగాక. సాధు, సాధు, సాధు.